తమ్ముడి ఎముకల్లో అక్క రక్తం

ఆ వీధిలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచేవాళ్ళు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే అనేవాళ్ళు. ఐదంతస్తుల భవనం కింద, మెట్ల పక్కనున్న చిన్న గది ఆమె దుకాణం. గదిలో సగం బల్లే. బల్ల మీద మడతలు వేసి పరిచిన పాత దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ, చేతికందేంత దూరంలో నీళ్ళు చిమ్మే సీసా, ఈ గోడ నుంచి ఆ గోడకు వేసిన ఇనప కడ్డీ, దానికి వేలాడే చొక్కాలు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం దించేదాకా నిలబడి చేసే పని. కాళ్ళు పీకుతున్నాయని ఎవరితోనూ అనేది కాదు గానీ, మధ్యాహ్నం స్టూలు మీద కూలబడినప్పుడు ఆమె అనే "అమ్మయ్య" మాత్రం రెండో అంతస్తు దాకా వినిపించేది.

నలభై ఆరేళ్ళ మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. కాలరు మీద మరక పోలేదని ఎవరైనా నసిగితే "మరక మీదా, నాదా?" అని ఎదురడిగేది. వాళ్ళు అటు వెళ్ళగానే ఆ మరక ముందేసుకుని కూర్చుని, పోగొట్టేదాకా లేచేది కాదు. ఇస్త్రీపెట్టె తగిలి మణికట్టు కాలితే పంపు కింద చెయ్యి పెట్టి, ఉఫ్ అని ఊదుకుని, మిగతా చొక్కా పూర్తిచేసేది. అంతటి మనిషికీ సూది అంటే హడలు. ఒకసారి రక్తపరీక్షకని వెళ్ళి, నర్సు చేతికి రబ్బరుపట్టీ కట్టేలోపే చెప్పులు కూడా వదిలేసి బయటపడింది. ఆ చెప్పులు తెచ్చినవాడు ఆమె తమ్ముడు. తెచ్చినవాడు ఊరుకున్నాడా? కనిపించిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెప్పి నవ్వించాడు.

తమ్ముడు ఆమెకంటే ఎనిమిదేళ్ళు చిన్న. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఆమెకు పన్నెండు. అప్పటినుంచి వాడికి తల దువ్వింది, చెవి మెలిపెట్టింది, లెక్కలు చెప్పబోయి తనకే రాక వాడితో కలిసి ఏడ్చింది, అన్నీ ఆమే. పెద్దయ్యాక వాడు లిఫ్టు మెకానిక్ అయ్యాడు. భవనాల నెత్తిన ఉండే మోటారు గదుల్లో, గ్రీజు పట్టిన ఇనప తాళ్ళ మధ్య వాడి పని. లిఫ్టు మధ్యలో ఆగి ఎవరైనా ఇరుక్కుపోతే, తలుపు బయట నిలబడి వాడు చెప్పే కబుర్లకు లోపలున్నవాళ్ళు భయం మరిచిపోయి నవ్వేవాళ్ళట. "బటన్లన్నీ నొక్కకండి సార్, అది హార్మోనియం కాదు" అనేవాడట.

రోజూ పనికి పోతూ అక్క దుకాణం ముందు బండి ఆపడం, టీ తాగడం, ఓ మాట అని ఓ మాట పడి వెళ్ళడం వాడికి అలవాటు. అలా వచ్చిన ఒకరోజు గ్లాసు అందుకుంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు. ముంజేతి మీద అరచెయ్యంత మేర నల్లగా కమిలి ఉంది.

"ఎక్కడ కొట్టుకున్నావురా?"

"ఏమో. ఎక్కడా తగల్లేదే."

"తగలకుండా కమిలిపోతుందా? ఏదీ, ఆ చెయ్యి కూడా చూపించు."

ఆ చేతి మీదా మచ్చలున్నాయి. ప్యాంటు కాస్త పైకి లాగమంటే, పిక్కల నిండా ఎవరో ఎర్ర పెన్నుతో తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు సన్నటి చుక్కలు. మొహంలోకి చూస్తే నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్ళూ వాడి మాటలు వింటూ మొహం చూడలేదేమోనని ఆమెకు అప్పుడనిపించింది.

"ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోందక్కా. లిఫ్టు బాగుచెయ్యాలంటే మెట్లెక్కే పోవాలి కదా. మా ఉద్యోగంలో తమాషా అదే" అని వాడు నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకేసి, సగం అయిన చొక్కాను బల్ల మీదే వదిలేసి, షట్టరు దించి వాడి బండి వెనకాల ఎక్కింది. "పద, ఆసుపత్రికి."

*

ఆ ఆసుపత్రి నుంచి ఇంకో పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడ రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ వాడిని బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముకలోంచి సూదితో చిన్న ముక్క తీయించింది. కొన్నాళ్ళకు ముగ్గురినీ పిలిచింది. ముగ్గురంటే తమ్ముడు, మందుల షాపులో పనిచేసే వాడి భార్య, ఇస్త్రీ అక్క. డాక్టరమ్మ బల్ల మీద ప్లాస్టరుతో చేసిన తుంటి ఎముక బొమ్మ ఒకటి ఉంది. అక్క చూపు దానిమీదే ఉంది.

"ఇతని రక్తంలో ఎర్రకణాలు తగ్గాయి, తెల్లకణాలు తగ్గాయి, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లూ తగ్గాయి. అందుకే ఆయాసం, అందుకే ఈ మచ్చలు" అంది డాక్టరమ్మ.

"తగ్గితే ఎక్కించండమ్మా. నేనిస్తా" అంది మరదలు.

"ఎక్కిస్తాం. కానీ ఎక్కించింది అయిపోతుంది. ఎర్రకణం మహా బతికితే నాలుగు నెలలు. ప్లేట్‌లెట్ ఓ వారం, పది రోజులు. తెల్లకణాల్లో కొన్ని ఒక్కరోజు కూడా ఉండవు. రక్తం ఒకసారి నింపేస్తే జన్మంతా ఉండేది కాదు. నిమిషం కూడా ఆగకుండా తయారవుతూనే ఉండాలి."

"ఎక్కడ తయారవుతుంది? గుండెలోనా?" అనడిగింది అక్క.

డాక్టరమ్మ ఆ ప్లాస్టరు బొమ్మను తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇక్కడ. ఎముకల లోపలి మూలుగలో. తుంటి, వెన్ను, పక్కటెముకలు, రొమ్ము ఎముక, వీటన్నిటిలో."

అక్క ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎముకంటే మనిషి కూలబడిపోకుండా నిలబెట్టే కర్రలాంటిదనే అప్పటిదాకా ఆమె అనుకుంది. కర్రలోపల రక్తం ఊరుతుందని ఎవరూ చెప్పలేదు.

"అక్కడ మూలకణాలని ఉంటాయమ్మా. చాలా కొద్ది. చూస్తే ఏ ప్రత్యేకతా కనబడదు. అది రెండుగా చీలినప్పుడు ఒకటి తల్లిలాగే అక్కడే ఉండిపోతుంది. రెండోది బయల్దేరుతుంది. అది మళ్ళీ చీలి, మళ్ళీ చీలి, ఒక్కో మెట్టు దిగుతూ ఒక్కో దారి పడుతుంది. కొన్ని ఎర్రకణాలవుతాయి, కొన్ని జబ్బులతో పోరాడే తెల్లకణాలవుతాయి. ఇంకొన్ని ఏనుగంత పెద్దవై, అంచుల దగ్గర తునకలు తునకలుగా విడిపోతాయి. ఆ తునకలే ప్లేట్‌లెట్లు. ఇన్ని రకాలకీ తల్లి మాత్రం ఆ ఒక్కటే."

"మరి ఏది ఏమవ్వాలో దానికి ఎవరు చెప్తారు?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఒంట్లో ఏది తక్కువైతే దాని కబురు అందుతుంది. ప్రాణవాయువు తగ్గిందనుకోండి, మూత్రపిండాలు కనిపెట్టి ఎర్రకణాలు పెంచమని కబురు పెడతాయి. ఎక్కడో గాయమై చీము పడితే తెల్లకణాలు పెంచమని ఇంకో కబురు. మాకు తెలిసింది కొంత. తెలియనిది చాలా ఉంది."

"ఏమాత్రం తయారవుతాయండీ, రోజుకి?" అన్నాడు తమ్ముడు, బస్తాల లెక్క అడిగినట్టు.

"రోజుకి కాదు, సెకనుకి చెప్తాను. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో సెకనుకి దగ్గర దగ్గర ఇరవై లక్షల ఎర్రకణాలు."

తమ్ముడు వేళ్ళు ముడుస్తూ లెక్క వేసుకుని, అక్క వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "నువ్వు ఒక చొక్కా ఇస్త్రీ చేసేలోపు యాభై కోట్లక్కా."

తను నీళ్ళు చిమ్ముతూ, కాలరు తిప్పుతూ, పక్కింటావిడతో పోట్లాడుతూ ఉండగా లోపల ఇంత జరుగుతోందా! అక్క తమ్ముడి వైపు చూసి, "మరి వీడిలో?" అంది.

"మూలకణాలు దాదాపు పోయాయి. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి, సొంత మూలకణాల మీద పడ్డాయి. మేం తీసిన ముక్కలో కొవ్వు బుడగలు తప్ప ఇంచుమించు ఏమీ లేవు. ఖాళీగా ఉంది."

అక్క ఆ ప్లాస్టరు బొమ్మను బల్ల మీద పెట్టేసింది. మరదలు మొహం తిప్పుకుంది. డాక్టరమ్మ మాత్రం గొంతు మార్చకుండా దారి కూడా చెప్పింది. కణాలు సరిపోయే మనిషి దొరికితే వాళ్ళ మూలకణాలు తెచ్చి వేయవచ్చు. తోబుట్టువుల్లో సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి.

"నాకున్నది ఒక్క అక్కేనండీ" అన్నాడు తమ్ముడు.

"ఆ ఒక్కావిడా సరిపోతే చాలు."

రక్తం తీసే గది ముందు బెంచీ మీద అక్క బిగుసుకుపోయి కూర్చుంది. వాడు పక్కన చేరి చెయ్యి చాపాడు. "ముందు ఆ చెప్పులు నాకిచ్చి లోపలికెళ్ళు. మళ్ళీ నన్ను తిప్పకు."

"నోర్ముయ్" అంది కానీ, మొహం పాలిపోయింది. మరదలి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి కళ్ళు గట్టిగా మూసుకుంది. సూది దిగినప్పుడు ఆమె వేసిన కేకకు పక్కగదిలోంచి ఇద్దరు తొంగిచూశారు. మరదలి చేతి మీద గోళ్ళ గుర్తులు చాలాసేపు పోలేదు.

నాలుగో వంతు అవకాశం వాళ్ళ తలుపే తట్టింది. అక్క కణాలు తమ్ముడికి అచ్చంగా సరిపోయాయి. రక్తం గ్రూపు మాత్రం వేరు. వాడిది బి, ఆమెది ఓ. "గ్రూపు కలవకపోయినా ఫరవాలేదు. కలవాల్సింది తెల్లకణాల మీదుండే గుర్తులు, అవి కలిశాయి" అంది డాక్టరమ్మ.

*

తమ్ముడిని ఆసుపత్రిలో చేర్చుకుని, అద్దం తలుపుల గదిలో ఉంచారు. పాత కణాల్లో మిగిలినవి కొత్తవాటికి అడ్డుపడకుండా ఉండేందుకు బలమైన మందులిచ్చారు. ఇటు అక్కకు రోజూ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. మూలకణాలు ఎముకల్ని వదిలి రక్తంలోకి రావాలంటే ఆ మందు పడాలన్నారు. మొదటిరోజు ఏడ్చింది. రెండోరోజు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ఏడవడానికి తీరిక లేకపోయింది, ఎందుకంటే ఎముకలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

ముందు నడుములో సలుపు. తర్వాత తుంటిలో, వెన్నులో, రొమ్ము మధ్యలో పోటు. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ పోటూ కొట్టుకుంటోంది. కొట్లో ఇస్త్రీ చేస్తూ చేస్తూ బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయేది. ఆమె భర్త స్కూలు బస్సు నడిపే మనిషి. రోజంతా పిల్లల గోలలో ఉంటాడు కాబట్టి ఇంట్లో మాటలు పొదుపుగా వాడతాడు.

"నొప్పా?" అన్నాడు.

"నొప్పేనండీ. కానీ మామూలు నొప్పిలా లేదు. లోపల ఎవరో ఎడతెరిపి లేకుండా పనిచేస్తున్నట్టుంది. ఇన్నేళ్ళూ నా ఒంట్లో ఇంత పని జరుగుతోందా అండీ? ఒక్కరోజైనా నాకు చప్పుడు వినపడలేదు."

ఆయన వేడినీళ్ళ సంచీ తెచ్చి ఆమె నడుము కింద సర్ది, పక్కనే కూర్చున్నాడు. డాక్టరమ్మ ఈ నొప్పి సంగతి ముందే చెప్పింది. తల్లి కణాలు ఎక్కువై, మూలుగ కిక్కిరిసి, ఎముక లోపలినుంచి ఉబ్బినట్టయ్యేదే ఆ నొప్పి. అది తెలిశాక అక్క నొప్పిని తిట్టడం మానేసింది. పోటు వచ్చినప్పుడల్లా తుంటి మీద చెయ్యి వేసుకుని "కానివ్వండి, కానివ్వండి" అనేది, పనివాళ్ళకు చెప్పినట్టు.

కణాలు తీసే రోజు ఆమెను ఒక కుర్చీలో వెనక్కి వాల్చారు. ఒక చేతిలోంచి రక్తం గొట్టంలో పోయి, పక్కనున్న యంత్రంలో గిర్రున తిరిగి, రెండో చేతిలోంచి మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. మధ్యలో యంత్రం కావలసినవాటిని ఏరి పైనున్న సంచీలోకి పంపుతుంది. మొదట ఆమె అటు చూడలేదు. పెదాలు జివ్వుమన్నాయి. నర్సు కాల్షియం మాత్ర ఒకటి ఇచ్చి "ఇది మామూలేనండీ" అంది. మాత్ర మింగడానికి కళ్ళు తెరిచిన అక్క మళ్ళీ మూయలేదు.

పారదర్శకంగా ఉన్న గొట్టంలో తన రక్తం తన కళ్ళముందే పోతోంది, తిరిగి వస్తోంది. గొట్టం మీద వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఉంది. నలభై ఆరేళ్ళుగా ఒంట్లో తిరుగుతున్నదాన్ని మొదటిసారి పలకరించినట్టనిపించింది. సాయంత్రానికి సంచీ నిండింది. టీ గ్లాసుకు కాస్త ఎక్కువగా, పలచటి టొమాటో రసం రంగులో ఉంది.

"ఇందులో అన్నీ మూలకణాలేనా?" అని అడిగింది.

"అన్నీ కాదు" అంది సంచీ తీసుకోవడానికి వచ్చిన డాక్టరమ్మ. "అసలైనవి మొత్తం ఒకచోట పోగేస్తే రెండు చుక్కలుంటాయేమో."

"రెండు చుక్కలా? అంత మనిషికి?"

"అంత మనిషికీ, వాళ్ళు బతికినన్నాళ్ళకీ."

రాత్రి కాకముందే సంచీని తమ్ముడి గదిలో వేలాడదీశారు. అక్క అద్దం ఇవతల నిలబడింది. పెద్ద ఆపరేషన్ ఏదో ఉంటుందనీ, వాడి ఎముకలు కోసి లోపల పెడతారనీ అనుకుంటూ ఉంది. చూస్తే సెలైన్ ఎక్కించినట్టు, మెడ కింద నరంలో పెట్టిన గొట్టంలోకి చుక్కచుక్కగా దిగుతోంది. వాడు మంచం మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"ఇంతేనా డాక్టర్ గారూ?"

"ఇంతే."

"నరంలో వేస్తే ఎముకలోకి ఎలా పోతాయి?"

"అవే పోతాయి. గుండెలోంచి, ఊపిరితిత్తుల్లోంచి ఒళ్ళంతా తిరిగి, మూలుగ ఎక్కడుందో వెతుక్కుని లోపలికి దూరతాయి. మూలుగ ఒక రసాయనాన్ని వదులుతూ ఉంటుంది. ఆ జాడ పట్టుకుని చేరతాయి. మేం సంచీ తగిలించడం వరకే."

తెలియని వీధిలో ఒక ఇల్లు పట్టుకోవాలంటే అక్క నలుగుర్ని అడుగుతుంది, అయినా ఒకసారి తప్పుతుంది. కళ్ళు లేనివి, చెవులు లేనివి, ఇంతవరకూ తన ఒళ్ళు తప్ప ఇంకేదీ ఎరగనివి, కొత్త ఒంట్లో దిగి ఇల్లు వెతుక్కుంటున్నాయి. ఆమె అద్దానికి నుదురు ఆనించి, ఎవరికీ వినపడకుండా "దారి తప్పకండే" అంది.

*

ఆ తర్వాత చాలా రోజులు ఏమీ జరగలేదు. జరగకపోవడమే భయం. తమ్ముడి జుట్టు రాలిపోయింది, నోరంతా పూసి మంచినీళ్ళు కూడా మింగలేకపోయాడు. తెల్లకణాల లెక్క రోజూ సున్నా పక్కనే తచ్చాడుతోంది. చిన్న క్రిమి చొరబడినా ఎదురు నిలిచే దిక్కు లేదు. మరదలు మాస్కు వేసుకుని లోపల ఉండేది. అక్క దుకాణం మూశాక వచ్చి, అద్దం ఇవతల నుంచి ఫోనులో మాట్లాడేది.

"చూశావా అక్కా, ఇన్నాళ్ళూ నేను తలుపు బయట ఉండి లోపలున్నవాళ్ళకి ధైర్యం చెప్పేవాణ్ణి. ఇప్పుడు నేను లోపల" అన్నాడు, మాట సగం మింగుతూ.

"ఏం కాదు. బటన్లన్నీ నొక్కకుండా కూర్చో."

వాడు నవ్వబోతే పెదవి చిట్లింది. ఆ రోజు ఇంటికి వెళ్ళే దారంతా ఆమె తన ఒంట్లోని రక్తాన్నే తిట్టుకుంటూ నడిచింది. నేను తిన్న తిండే కదా మీరూ తిన్నారు, కదలరేం?

మూడో వారంలో ఒక ఉదయం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి మరదలు గది బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"ఏమైంది?"

"వచ్చాయి వదినా" అంది మరదలు వెక్కుతూ. "నిన్న లేవు. ఇవాళ ఉన్నాయి. డాక్టరమ్మ రెండుసార్లు లెక్కపెట్టించారంట."

మొదట తెల్లకణాలు కనిపించాయి. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు, అందరికంటే ఆలస్యంగా ఎర్రకణాలు. వాడి పెదాలకు రంగు రావడం అక్క కళ్ళారా చూసింది. ముందు లోపలి అంచున, తర్వాత పై పెదవి మీద, తర్వాత గోళ్ళ కింద.

అంతా సాఫీగా సాగిందని కాదు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు వాడి ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు లేచాయి. "కొత్త కణాలు ఈ ఒంటిని ఇంకా తమదని ఒప్పుకోలేదు, గొడవపడుతున్నాయి" అంది డాక్టరమ్మ. అక్క తల పట్టుకుంది. "నావి వాణ్ణి కొడుతున్నాయా?" అంది. వాడు మందు రాసుకుంటూ, "చిన్నప్పుడు కొట్టింది చాల్లేదా, ఇప్పుడు లోపల దూరి కొడుతున్నావు" అన్నాడు. ఆమె నవ్వలేక, ఏడవలేక, ఆ దద్దుర్ల మీద చల్లటి తడిగుడ్డ వేస్తూ చాలాసేపు కూర్చుంది. మందులతో నెమ్మదిగా ఆ గొడవ సద్దుమణిగింది.

కొన్ని నెలలయ్యాక పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మ అక్కను కూడా ల్యాబులోకి రమ్మంది. ముందు ఒక తెల్లటి పలక మీద వాడి రక్తం చుక్కలు రెండు వేసి, ఒకదానిలో నీలం మందు, ఇంకోదానిలో పసుపు మందు కలిపింది. "ఇదివరకు ఈ పసుపు దాంట్లో కలపగానే ముద్దలు కట్టేది. బి గ్రూపు అంటే అదే. ఇప్పుడు చూడండి."

పలకను అటూ ఇటూ వంచింది. రెండు చుక్కలూ నున్నగా జారాయి. ముద్ద కట్టలేదు.

"అంటే?"

"ఇప్పుడు ఇతను ఓ గ్రూపు. పాత ఎర్రకణాల ఆయువు తీరిపోయింది. ఇప్పుడున్నవన్నీ మీ కణాల సంతానమే. ఇంకో సంగతి. ఆడవాళ్ళ కణాల్లో ఒక గుర్తుంటుంది, మగవాళ్ళ కణాల్లో ఇంకో గుర్తు. ఇతని జుట్టు కుదుళ్ళు, చర్మం చూస్తే మగమనిషి. రక్తం చూస్తే మాత్రం పూర్తిగా ఆడమనిషి."

తమ్ముడు గుండె మీద చెయ్యేసుకుని, "ఇంకనుంచి నన్ను కూడా అక్కా అనే పిలవండి" అన్నాడు. ల్యాబులో ఉన్నవాళ్ళంతా పని ఆపి నవ్వారు. అక్క ఒక్కతే నవ్వలేదు. ఆమె ఆ పలక వైపే చూస్తోంది.

తర్వాత డాక్టరమ్మ ఆమెను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మొదట పెట్టినది వాడికి జబ్బు చేసినప్పుడు తీసిన మూలుగ. సబ్బునురగ ఆరిపోయినట్టు తెల్లటి బుడగలు, వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి నీలపు చుక్కలు. జనం వదిలిపోయిన ఇంట్లోకి తొంగిచూసినట్టుంది. రెండో పలక మొన్న తీసినది. అక్క కన్ను ఆనించింది.

ఊదా రంగు, గులాబీ రంగు, లేత నీలం, ముదురు నీలం. ఒకదాన్నొకటి తోసుకుంటున్నంత దగ్గరగా కణాలు. కొన్ని గుండ్రం, కొన్ని మధ్యలో నొక్కినట్టు. ఒకటి సరిగ్గా రెండుగా విడిపోబోతూ ఆగిపోయింది. డాక్టరమ్మ సన్నటి సూచిక తిప్పి ఒక్కొక్కటీ చూపించింది. "ఇది ఎర్రకణం కాబోయేది. ఇంకా మధ్యలో ఆ ముదురు గుండు ఉంది కదా, అదే దాని కేంద్రం. ఇదిగో, ఈ పక్కది ఆ గుండుని బయటికి నెట్టేస్తోంది. మోయాల్సినదానికి చోటు కావాలని."

"కేంద్రం లేకుండా ఎలా బతుకుతుంది?"

"ఇంక చీలలేదు, పెరగలేదు. నాలుగు నెలలు గాలి మోసుకుంటూ తిరుగుతుంది, ఆపైన చచ్చిపోతుంది."

అక్క కన్ను తియ్యలేదు. మూలన ఒక కణం మిగతావన్నీ దాని ముందు చీమల్లా కనిపించేంత పెద్దగా ఉంది. దాని అంచులు చిరిగిన గుడ్డ అంచులా పోగులు పోగులుగా ఊడిపోతున్నాయి. ప్లేట్‌లెట్లు అవేనని ఎవరూ చెప్పకుండానే ఆమె గుర్తుపట్టింది.

"మరి మూలకణం ఏది?"

"చూపించలేను" అంది డాక్టరమ్మ. "ఇందులో ఉండొచ్చు, లేకపోవచ్చు. వేలల్లో ఒకటి. ఉన్నా ఇలా చూసి ఇదేనని చెప్పలేం. అది చేసే పనిని బట్టే తెలుస్తుంది."

అక్క చాలాసేపు అలాగే ఉండిపోయింది. వెనకే నిలబడ్డ తమ్ముడు "నాదే కదా, నన్నూ చూడనివ్వు" అని గొణిగాడు. "నీది కాదు, నాది" అని, ఆ మాట తన నోటినుంచి వచ్చాక తనే ఉలిక్కిపడి, లేచి వాడికి చోటిచ్చింది. ఇంత చిన్న పలక మీద ఇంత సందడి. ఒక్కరు చూడకపోయినా, మెచ్చుకోకపోయినా, పుట్టిననాటినుంచి ప్రతి మనిషి లోపలా, దారిన పోయే ప్రతివాళ్ళ లోపలా. ఆరోజు బస్సులో ఇంటికి వస్తూ ఆమె ఎదుటి సీటు ముసలాయన్నీ, టికెట్లు కొడుతున్న కండక్టర్నీ, నిద్రపోతున్న కాలేజీ పిల్లనీ కొత్తగా చూసింది. అంతమంది అంత ఊరకే కూర్చున్నట్టు కనిపించడం ఆమెకు నమ్మశక్యంగా లేదు.

*

ఏడాది తిరిగాక డాక్టరమ్మ ఇంకో వింత చెప్పింది. తమ్ముడు చిన్నప్పుడు వేయించుకున్న టీకాల జ్ఞాపకమంతా పాత రక్తంతో పాటే పోయింది. కాబట్టి మళ్ళీ మొదటినుంచీ వేయించాలి. పెద్దవాళ్ళకు వేసే చోట ఆ టీకాలు లేవు, పిల్లల విభాగానికి వెళ్ళమంది.

పిల్లల విభాగం బయట గోడ నిండా కుందేళ్ళ బొమ్మలు. పొట్టి కుర్చీలు. ఒళ్ళో పసిబిడ్డలతో తల్లులు. మధ్యలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఒక పొట్టి కుర్చీలో తమ్ముడు. అటు మరదలు, ఇటు అక్క. పక్కనున్న తల్లి వాళ్ళ ఒళ్ళు చూసింది, కుర్చీల కింద చూసింది, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"మీ పాప ఏదండీ?"

మరదలు నోరు తెరవకుండా మొగుణ్ణి చూపించింది. ఆ తల్లి నోరు వెళ్ళబెట్టింది. తమ్ముడు ఎంతో మర్యాదగా, "నాకు ఏడాది నిండిందండీ. పళ్ళు మాత్రం ముందే వచ్చాయి" అన్నాడు. ఆమె ఒళ్ళోని బిడ్డ వాడి చొక్కా గుండీ పట్టుకుని లాగింది.

అక్క ఆ ఇద్దరి చేతుల్నీ పక్కపక్కనే చూసింది. బిడ్డ వేళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. తమ్ముడి వేళ్ళూ అంతే, గ్రీజు మరకలు మళ్ళీ మొదలయ్యాయి, అంతే తేడా. వాడిలో తిరిగే రక్తం వయసెంత? వాడి ఒంట్లో ఏడాదిది. తన ఒంట్లో పుట్టింది కాబట్టి తనంతటిది. తనదీ వెనక్కి పోతే అమ్మ కడుపులో మొదలైంది. అప్పుడు ఎముకలు కూడా తయారు కాకముందు, వేలెడంత లేని ఒంట్లో ఎక్కడో ఒకచోట మొదటి రక్తం పుట్టి ఉంటుంది. ఆ లెక్క ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు.

నర్సు పిలిచింది. తమ్ముడు లోపలికి వెళ్ళి చొక్కా చెయ్యి మడిచాడు. బిడ్డలందరూ ఏడ్చిన గదిలోంచి వాడు కూడా "అమ్మా" అని ఒక్క కేక పెట్టి, బయటికొచ్చి తల్లులందర్నీ నవ్వించాడు.

ఆ సాయంత్రం వాడికి ఒళ్ళు వెచ్చబడింది. మరదలు థర్మామీటరు పెట్టి కంగారుగా డాక్టరమ్మకు ఫోను చేసింది. అవతలి గొంతు స్థిమితంగా ఉంది. "టీకా వేశాక పసిపిల్లలకీ ఇలాగే కాస్త వెచ్చబడుతుంది. కొత్త రక్తం పాఠం నేర్చుకుంటోంది. అయినా ఇతని విషయంలో ఏమరుపాటు వద్దు. ఇంకా పెరిగినా, రేపటికి తగ్గకపోయినా వెంటనే తీసుకొచ్చెయ్యండి."

మరదలి నోట ఆ మాటలన్నీ విని అక్క వచ్చేసరికి వాడు దుప్పటి మెడదాకా కప్పుకుని మూలుగుతున్నాడు. చెయ్యి వాచిందనీ, టీ చల్లారిందనీ, దిండు గట్టిగా ఉందనీ ఒకటే సణుగుడు. ఆమె మంచం అంచున కూర్చుని నుదుటి మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా కాలుతోంది.

"నవ్వుతావేంటి? నాకు జ్వరం" అన్నాడు కోపంగా.

"లోపల చదువుకుంటున్నారట్రా. గోల చెయ్యక పడుకో" అంది, చెయ్యి తియ్యకుండానే.